నేల మన కోసమా, మనం నేల కోసమా?

"వుడెన్ ఫ్లోరింగ్ వేయిద్దామనుకుంటున్నాం. తక్కువ రేటులో, ఎక్కువ ఏళ్లు మన్నేది ఏదో చెప్పవే!" ఈమధ్య ఫ్లాట్లు కొన్న స్నేహితుల నుంచి నాకు తరచూ వస్తున్న ప్రశ్న ఇది. నేను వడ్రంగిని కాదు, ఇంటీరియర్ డిజైనర్‌నీ కాదు. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాసుకునేదాన్ని. కాకపోతే మా ఇంట్లో రెండు గదుల కోసం రెండు నెలలపాటు షాపుల చుట్టూ తిరిగాను. ప్రతి షాపువాణ్నీ విసుగొచ్చేదాకా ప్రశ్నలడిగాను. ఆ ఫలితం ఈ వారం మీకు పంచుతున్నాను.

ముందే ఒక మాట. ఆ ప్రశ్నలో రేటుంది, మన్నిక ఉంది గానీ, ఆ నేల మీద ఎవరు నడుస్తారో, దాన్ని ఎవరు ఎలా తుడుస్తారో లేదు. మా ఆఫీసులో అయితే ఇలాంటి రిక్వైర్‌మెంట్ వస్తే వెనక్కి పంపిస్తాం. అసలు సంగతంతా ఆ లేని ముక్కలోనే ఉంది.

మా సంగతి ఇదీ. నిజాంపేటలో పాత ఫ్లాట్ కొన్నాం, రెండు బెడ్‌రూములు. నాన్న తెనాలిలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరినీ మా దగ్గరికి వచ్చెయ్యమంటే ఏడాదిపాటు ఒప్పుకోలేదు. కూతురింట్లో ఎలా ఉంటాం అన్నది వాళ్ల బెంగ. మా ఆయన వెళ్లి కూర్చుని మాట్లాడాక దిగొచ్చారు. అయితే నాన్న ఒక షరతు పెట్టారు: "మా గది పని మా డబ్బుతోనే జరగాలి." మెచ్యూర్ అయిన ఫిక్సెడ్ డిపాజిట్ తీసి 75,000 రూపాయలు నా చేతిలో పెట్టారు. "చలికాలం పొద్దున్నే ఆ టైల్స్ మీద అడుగు పెడితే మీ అమ్మకి పాదాలు లాగేస్తున్నాయి. కర్ర నేల వేయించు. మిగిల్తే మీ గదికీ వాడుకో" అన్నారు.

అది జీతం డబ్బయితే వేరు. ఒక్కసారే వచ్చే డబ్బు కాబట్టి రూపాయి రూపాయికీ లెక్క చూడాల్సి వచ్చింది.

కర్రలా కనిపించేవన్నీ కర్ర కాదు

షాపులో 'వుడెన్ ఫ్లోరింగ్' అని చూపించేవాటిలో ప్రధానంగా నాలుగు రకాలుంటాయి.

మొదటిది అసలు సిసలు కర్ర, అంటే సాలిడ్ వుడ్. పై నుంచి కింద దాకా ఒకే చెక్క. గీతలు పడితే చిత్రిక పట్టించి మళ్లీ పాలిష్ చేయించుకోవచ్చు. తరాలపాటు వాడొచ్చు.

రెండోది ఇంజినీర్డ్ వుడ్. పైన పల్చటి నిజమైన కర్ర పొర, కింద అడ్డంగా నిలువుగా అతికించిన ప్లైవుడ్ పొరలు. ఈ అడ్డం నిలువు అమరిక వల్ల వాతావరణానికి అంతగా వంకర తిరగదు. ఇక్కడ చూడాల్సింది పైపొర మందం. అది 3 మిల్లీమీటర్లో 4 మిల్లీమీటర్లో ఉంటే తర్వాతెప్పుడైనా చిత్రిక పట్టించుకోవచ్చు. అర మిల్లీమీటరే ఉంటే అది ఫొటోకి మాత్రమే కర్ర.

మూడోది లామినేట్. కర్ర పొడిని జిగురుతో కలిపి గట్టిగా నొక్కిన హెచ్‌డీఎఫ్ పలక, దాని మీద కర్ర డిజైన్ ముద్రించిన కాగితం, ఆపైన గీతలు పడనివ్వని పారదర్శక పొర. మన వంటింటి అల్మరాలకి వేసే సన్‌మైకాకి ఇది దగ్గరి చుట్టం. 1977లో స్వీడన్‌లోని పెర్‌స్టార్ప్ అనే కంపెనీ ఆ సూత్రాన్నే నేలకి వాడింది.

నాలుగోది ఎస్‌పీసీ. సున్నపురాయి పొడి, పీవీసీ ప్లాస్టిక్ కలిపి చేసిన పలక మీద కర్ర బొమ్మ, ఆపైన రక్షణ పొర. ఇందులో కర్ర అన్నది లేనే లేదు. నీళ్లకి ఉబ్బదు, చెదలు తినవు.

కర్ర డిజైన్ ఉన్న టైల్స్ కూడా చూపిస్తారు. అవి గట్టివే గానీ, కాలికి టైలే. మా సమస్యే టైలు కాబట్టి వాటిని పక్కన పెట్టేశాం.

ఇప్పుడు రేట్లు. మేం తిరిగిన షాపుల్లో పన్నులతో కలిపి మాకు చెప్పినవి చదరపు అడుగుకి ఇలా ఉన్నాయి: టేకు సాలిడ్ వుడ్ పాలిష్‌తో సహా 900, ఓక్ ఇంజినీర్డ్ 350, ఎస్‌పీసీ 165, లామినేట్ 125. మా రెండు గదులూ కలిపి 275 అడుగులు, కోతలో పోయేది కలుపుకుంటే 300. అంటే టేకుకి 2,70,000, ఇంజినీర్డ్‌కి 1,05,000, ఎస్‌పీసీకి 49,500, లామినేట్‌కి 37,500. మీ ఊళ్లో, మీరు కొనే రోజున ఈ అంకెలు మారొచ్చు. వాటి మధ్య దూరం మాత్రం ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

టేకు పేరు, టేకు తీరు

నాన్న మనసంతా టేకు మీదే. "మా నాన్నగారింట్లో మేడ మీద టేకు చెక్కల నేల. యాభై ఏళ్లు చెక్కు చెదర్లేదు" అన్నారు. నిజమే. కానీ ఆ ఇంటి గురించి నేను నాలుగు ప్రశ్నలు అడిగితే మొత్తం కథ బయటపడింది. ఆ చెక్కలు మేడ మీద దూలాల పైన పరిచినవి. పైనా గాలే, కిందా గాలే. కింది అంతస్తులో మాత్రం కడప రాళ్లే వేశారు. ఆ రోజుల్లో టేకుకి కరువా? లేదు. నేల చెమ్మ తగిలే చోట కర్ర వెయ్యకూడదని వాళ్లకి తెలుసు. మనం కాంక్రీట్ స్లాబు మీద, ఊపిరాడకుండా కర్ర పరిచి, అదే మన్నిక రావాలంటే ఎలా?

ఇంకో సంగతి. టేకుకి ఉన్న పేరు చెదల్ని, తడిని తట్టుకోవడంలో వచ్చింది. అదీ చేవదేరిన లోపలి భాగానికే. బయటి తెల్ల చెక్కని చెదలు హాయిగా తింటాయి. ఇక గట్టిదనం అంటారా? కర్ర గట్టిదనాన్ని కొలిచే జాంకా స్కేలు మీద టేకు సుమారు 1,000, ఓక్ సుమారు 1,300. నొక్కు పడకుండా ఉండటంలో టేకు కంటే ఓక్ మెరుగన్నమాట. పైగా ఏ కర్రయినా ఇసుక ముందు దిగదుడుపే. చెప్పులకంటుకుని వచ్చే ఇసుకలోని క్వార్ట్జ్ ఇనుప మేకు కంటే గట్టిది. గుమ్మం దగ్గర రెండు వందల రూపాయల పట్టా చేసే మేలు, ఖరీదైన పాలిష్ కూడా చెయ్యదు.

లామినేట్ దగ్గరికొస్తే షాపువాళ్లు ముందు మందం గురించి చెప్తారు. 8 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్లు అంటూ. మందం ఎక్కువైతే నడిచినప్పుడు డొల్ల చప్పుడు తగ్గుతుంది. అరుగుదలకి మాత్రం దానితో సంబంధం లేదు. అరుగుదలకి చూడాల్సింది ఏసీ రేటింగ్. చల్లగాలి ఏసీ కాదండోయ్! పైపొర ఎంత రాపిడి తట్టుకుంటుందో చెప్పే యూరప్ కొలత అది. ఏసీ-3 అయితే ఇళ్లకి సరిపోతుంది, ఏసీ-4 మామూలు ఆఫీసులకి కూడా, ఏసీ-5 జనం తొక్కిడి ఉండే షాపులకి. 12 మిల్లీమీటర్ల ఏసీ-3 కంటే 8 మిల్లీమీటర్ల ఏసీ-4 ఎక్కువకాలం గీతలు పడకుండా ఉంటుంది. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఈ ఒక్క ముక్క తెలిసినా చాలు.

ఎస్‌పీసీకి చూడాల్సింది పైనున్న రక్షణ పొర. 0.3 మిల్లీమీటర్లది ఇంట్లో మామూలు వాడకానికి పర్లేదు. 0.5 ఉంటే నిశ్చింత.

బకెట్ పరీక్ష

కొనే ముందు ప్రతి షాపులోనూ చిన్న చిన్న ముక్కలు అడిగి తెచ్చుకున్నాం. ఇస్తారు, మొహమాటపడకండి. కొత్త కోడ్ ఏదైనా వాడే ముందు దాన్ని పాడుచెయ్యడానికి ప్రయత్నించడం మా వృత్తిలో రోజువారీ పని. ముక్కలన్నిటినీ బకెట్ నీళ్లలో ఒక రోజంతా నానబెట్టాం. నాన్న ముందూ వెనకా మందం కొలిచి కాగితం మీద రాశారు. లామినేట్ అంచులు ఉబ్బి, జాయింటు దగ్గర కొట్టొచ్చినట్టు లేచాయి. ఎండాక కూడా పూర్తిగా అణగలేదు. ఇంజినీర్డ్ ముక్క కొంచెం ఉబ్బింది, ఒక మూల పైపొర విడింది. ఎస్‌పీసీ ఎలా ఉన్నది అలాగే ఉంది. తాళంచెవితో గీకితే అన్నిటికంటే బాగా తట్టుకున్నది లామినేట్.

రోజంతా నానబెట్టడం మరీ అన్యాయం అనొచ్చు. నేల మీద అన్ని నీళ్లు ఎప్పుడూ నిలవవు. నిజమే. కానీ రోజూ కొంచెం కొంచెంగా జాయింట్లలోకి దిగే తడి, ఏళ్లు గడిచాక ఇదే పని చేస్తుంది.

ఆ సాయంత్రం షాపువాడి సూచనలు అమ్మకి చదివి వినిపించాను. లామినేట్ అయినా, ఇంజినీర్డ్ అయినా గట్టిగా పిండిన గుడ్డతోనే తుడవాలి, నీళ్లు నిలవకూడదు, ఫినాయిల్ కుమ్మరించకూడదు. అమ్మ అంతా విని, "నలభై ఏళ్లుగా పొద్దున్నే బకెట్‌తో తడిగుడ్డ పెట్టందే నాకు ఇల్లు తుడిచినట్టుండదు. ఇప్పుడు నా గది తుడుచుకోవడానికి కూడా నిన్నడగాలా అమ్మాయ్?" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట దగ్గర మా ముగ్గురికీ లెక్క తేలిపోయింది.

కూతురింట్లో ఉండటానికి ఏడాది ఆలోచించిన మనిషి ఆవిడ. నేల పాడవుతుందేమోనని నేను రోజూ వెనకాల నిలబడితే, ఆవిడ తన గదిలోనే చుట్టపుచూపుగా వచ్చినట్టు బతకాలి. ఇరవై ఏళ్లు మన్నినా సరే, అలాంటి నేల మాకొద్దు.

గదికో నేల

రెండు గదులకీ ఒకటే వెయ్యాలన్న రూలేమీ లేదు. అమ్మావాళ్లది అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న పెద్ద గది. తడి కాళ్లతో బయటికొస్తారు, రోజూ బకెట్ దిగుతుంది. అక్కడ ఎస్‌పీసీ వేయించాం. ఇంకో కారణం ఎత్తు. అడుగున అతికించి వచ్చే ఫోమ్‌తో కలిపి అది 6 మిల్లీమీటర్లే. ఇంజినీర్డ్ అయితే ఫోమ్‌తో కలిపి 16 దాకా వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి రాత్రిపూట బాత్‌రూమ్ గుమ్మం దగ్గర ఆ తేడా కాలికి తగిలే మెట్టు. ఎస్‌పీసీ నిజమైన కర్రంత వెచ్చగా ఉండదు. అయినా టైలంత చల్లగానూ ఉండదు. మంచం పక్కన ఒక కార్పెట్ ముక్క వేస్తే అమ్మ పాదాలకి సరిపోయింది.

మా గదికి బాత్‌రూమ్ లేదు, తుడిచేది మేమే. కానీ మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ నేరుగా నేల మీద పడుతుంది. ప్లాస్టిక్ ఉన్న ఎస్‌పీసీ అలాంటి ఎండకి వేడెక్కి సాగుతుంది. పైగా వారంలో మూడు రోజులు నా ఆఫీసు కుర్చీ చక్రాలు ఆ గదిలోనే తిరుగుతాయి. అక్కడ 8 మిల్లీమీటర్ల ఏసీ-4 లామినేట్ వేశాం. కుర్చీకి మెత్తటి రబ్బరు చక్రాలు మార్పించాను.

అలాగని ఇంజినీర్డ్ వుడ్ తీసిపారేయాల్సిందేమీ కాదు. బడ్జెట్ ఉండి, తడి రాని గది ఉండి, పిండిన గుడ్డతో తుడిచే అలవాటున్న ఇంట్లో నేను దానికే ఓటేస్తాను. పైపొర మందంగా ఉంటే అరిగాక బాగుచేసుకోవచ్చు. లామినేట్‌కీ, ఎస్‌పీసీకీ ఆ అవకాశం లేదు, పలకలు మార్చాల్సిందే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నవాళ్లు మాత్రం గాలిలో తేమని కూడా లెక్కలో వేసుకోవాలి. హైదరాబాద్‌లో అయినా వేసవంతా గదిలో నీళ్ల కూలర్ తిరిగితే కర్రకి అదీ వానాకాలమే.

సగం మన్నిక కిందే ఉంది

పలకలు ఎంత మంచివైనా, కింద సరిగ్గా లేకపోతే రెండేళ్లలో కిర్రుమంటాయి. మేం చూసుకున్నవి చెప్తాను.

పాత టైల్స్ తియ్యకుండా వాటి మీదే వెయ్యొచ్చు. కానీ ప్రతి టైలునీ నాణెంతో కొట్టి చూడండి. డొల్లగా మోగితే ముందు దాన్ని సరిచేయించాలి. 2 మీటర్ల పొడవున్న తిన్నటి పట్టీ నేల మీద పెడితే కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపించకూడదు.

చెమ్మ చూడటం ఇంకా ముఖ్యం. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నేలకి నాలుగువైపులా టేపుతో అతికించి, 16 గంటలు వదిలెయ్యండి. తీశాక కింద తడి కనిపిస్తే పని ఆపాల్సిందే. ఇది ఒట్టి కాంక్రీటు నేలకి బాగా పనికొచ్చే పరీక్ష. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు తప్పకుండా చెయ్యాలి. ఫ్లాట్లలో అయితే చెమ్మ ఎక్కువగా వచ్చేది బాత్‌రూమ్ గోడ నుంచి. మా పెద్ద గదిలో ఆ గోడ అడుగున రంగు పొట్టు లేచి, తెల్లగా ఉప్పు పూసింది. ముందు బాత్‌రూమ్ టైల్ సందులు, పైపు మూలలు సరిచేయించి, గోడ ఆరేదాకా మూడు వారాలు ఆగాం. దానికి 8,000 అయ్యింది. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే బాగా ఖర్చయిన డబ్బు అదేనని నాన్న అభిప్రాయం, నాదీ అదే.

ద్వారబంధాల దగ్గర సన్నటి మట్టి గీతలున్నాయేమో చూడండి. ఉంటే చెదల మందు పని ముందు, ఫ్లోరింగ్ తర్వాత. లామినేట్‌లో ఉన్నదీ కర్రే, చెదలకి బ్రాండ్ తేడా తెలీదు.

పలకల పెట్టెలు పని మొదలుపెట్టడానికి 48 గంటల ముందే ఆ గదిలోకి చేరాలి. గది వాతావరణానికి అలవాటు పడ్డాకే పరచాలి. గోడ పొడవునా 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, అది స్కర్టింగ్ కింద దాగిపోతుంది. "ఖాళీ ఎందుకు మేడమ్, టైట్‌గా కొట్టేస్తా" అని పనివాడంటే ఒప్పుకోకండి. వానాకాలంలో పలక సాగితే పోవడానికి చోటుండాలి, లేకపోతే మధ్యలో పైకి లేస్తుంది. గోడకి బిగించే వార్డ్‌రోబ్‌ల పని కూడా ముందే అయిపోవాలి. అంత బరువు నేల మీద బిగిస్తే అది కదల్లేదు.

చివరి బిల్లు

మాకైన ఖర్చు ఇది. పెద్ద గదికి ఎస్‌పీసీ 155 అడుగులు, 25,575. మా గదికి లామినేట్ 145 అడుగులు, 18,125. దాని కింద ఫోమ్ 1,450. కూలి 5,500. స్కర్టింగ్ 85 అడుగులు, 5,100. గుమ్మాల దగ్గర పట్టీలు, తలుపుల అడుగు కోత కలిపి 4,000. గోడ చెమ్మ పని 8,000. రెండు రకాల్లోనూ ఒక్కో పెట్టె అదనంగా కొన్నాం, 5,800. మూడేళ్ల తర్వాత ఒక పలక పాడైతే ఆ డిజైన్ మార్కెట్లో దొరక్కపోవచ్చు, అందుకు. మొత్తం 73,550. మిగిలిన 1,450తో గుమ్మాలకి పట్టాలు, ఒక మంచి మాప్.

షాపువాడు చెప్పిన అడుగు రేటుని గది కొలతతో గుణిస్తే మాకు వచ్చింది సుమారు 40,000. అసలు ఖర్చు దానికి దాదాపు రెట్టింపు. మీ బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

షాపుకెళ్తే అడగాల్సినవి క్లుప్తంగా: లామినేట్‌కి ఏసీ రేటింగ్, ఇంజినీర్డ్‌కి పై కర్ర పొర మందం, ఎస్‌పీసీకి రక్షణ పొర మందం. జిగురు వాడే లామినేట్, ఇంజినీర్డ్ రెండిటికీ ఫార్మాల్డిహైడ్ ఈ-1 స్థాయిలోనో, అంతకంటే తక్కువో ఉందని పెట్టె మీద రాసి ఉందా? వారంటీ కాగితంలో నీటి గురించి ఏం రాశారు? 'వాటర్‌ప్రూఫ్' అని నోటితో చెప్పి, కాగితం మీద 'తేమ వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదు' అని ఉంటే, మీరు నమ్మాల్సింది కాగితాన్నే.

ఇవన్నీ అడిగే ముందు ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రోజూ ఆ నేల తుడిచేది ఎవరో వాళ్లని పిలిచి, ఎలా తుడుస్తారో కనుక్కోండి. మా నాన్న పెద్ద గది నేలని వేలితో తట్టి చూసి, "కర్ర కాదు. కానీ అబద్ధం బాగానే ఆడుతోంది" అన్నారు. అమ్మ అప్పటికే బకెట్ పట్టుకుని నిలబడి ఉంది, ఆయన్ని పక్కకి జరగమని.